సిస్టమ్ అసలు ఆన్ కావడం లేదు, ఎస్ఎంపీఎస్ పోయిందా మదర్‌బోర్డు పోయిందా? కర్నూలు

కర్నూలు_డీటీపీ · ఉదయం 10:40

అందరికీ నమస్కారం. కర్నూల్లో పాత బస్టాండు దగ్గర నాది చిన్న డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. రెండు సిస్టమ్‌లు ఉన్నాయి. కౌంటర్ మీద ఉండేది, అంటే నాకు అన్నం పెట్టేది, నిన్న సాయంత్రం ఆగిపోయింది, మళ్లీ లేవలేదు. నిన్న మా వీధిలో కరెంటు ఒకటే పోవడం రావడం, ఒకసారైతే లైట్లు భగ్గుమని వెలిగి మళ్లీ మామూలైపోయాయి. ఆ గోలలోనే ఇదీ టప్‌మని ఆఫ్ అయింది. ఇప్పుడు బటన్ నొక్కితే ఫ్యాన్ తిరగదు, లైటు వెలగదు, బీప్ కూడా లేదు.

హెచ్61 బోర్డు, ఐ3 మూడో తరం, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు, ఒక ఎస్ఎస్‌డీ, ఒక పాత హార్డ్ డిస్క్, క్యాబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్స్ ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును సిస్టమ్‌కు కావలసిన తక్కువ వోల్టులకు మార్చే డబ్బా). గ్రాఫిక్స్ కార్డు లేదు. 600 వీఏ యూపీఎస్ మీద నడుస్తుంది.

పొద్దున్నే దగ్గర్లో ఉన్న సర్వీస్ అబ్బాయిని పిలిపించాను. బోర్డు మీది బ్యాటరీ తీసి పెట్టాడు, లాభం లేదు. తర్వాత ఎస్ఎంపీఎస్ కనెక్టర్ పీకి దాంట్లో వైరు ముక్క గుచ్చితే ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగింది. "ఎస్ఎంపీఎస్ మంచిగుంది అన్నా, బోర్డు పోయింది, సెకండ్‌హ్యాండ్ బోర్డు మూడు వేలకు తెచ్చిస్తా" అన్నాడు. మూడు వేలు పెట్టడానికి ఏడుపు లేదు, పెట్టాక "అది కాదన్నా, ప్రాసెసర్" అంటేనే ఏడుపు. హాల్‌టికెట్ల టైమ్ ఇది, పిల్లలు లైను కట్టి ఉన్నారు. ఎవరైనా దారి చెప్పండి.

బురుజు_కుర్రోడు · 10:52

బోర్డే అన్నా, డౌటే లేదు. ఎస్ఎంపీఎస్ తిరిగింది కదా, మిగిలింది అదే.

ఆదోని_టు_బెంగళూరు · 11:05

ఎందుకన్నా ఈ తలనొప్పి. మూడో తరం ఐ3 అంటే 2012లో వచ్చిన సరుకు. దానికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఎనిమిదో తరం నుంచే లెక్క. విండోస్ 10 సపోర్టేమో 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ మూడు వేలకు ఇంకొంచెం కలిపి, ఆఫీసులు తీసేసిన ఎనిమిదో తరం డబ్బా ఒకటి కొనేయ్. ఇక్కడ ఎస్.పి. రోడ్‌లో కుప్పలుగా ఉంటాయి.

ప్రొద్దుటూరు_అక్షర · 11:11

కొనమని చెప్పడం సులువు తమ్ముడూ, ఇవాళ షాపు ముందు నిలబడ్డ వాళ్లకు ఏం చెప్పాలి? నాదీ డీటీపీనే, ఆ బాధ నాకు తెలుసు. కర్నూలు అన్నా, రెండో సిస్టమ్ ఉందన్నారు కదా, దాని ఎస్ఎంపీఎస్ విప్పి దీనికి పెట్టి చూడరాదా? అర గంటలో తేలిపోతుంది.

కర్నూలు_డీటీపీ · 11:18

అదే అనుకున్నా అక్కా. రెండోది బ్రాండెడ్ చిన్న డబ్బా, విప్పి చూస్తే దాని కనెక్టర్ ఆరు పిన్నులే, మామూలు 24 పిన్నులది కాదు. కలవదు.

టంకం_కడప · 11:40

ఆగండి. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన ఎస్ఎంపీఎస్ మంచిదని తేలదు, ఒకవేళ అది మంచిదే అయినా బోర్డు పోయిందని తేలదు. ఆ వైరు ముక్క టెస్టు చెప్పేది ఒక్కటే, ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే ఎస్ఎంపీఎస్ లేస్తుంది అని. అక్కడ దాని మీద బరువేమీ లేదు, దాని సొంత ఫ్యాన్ తప్ప. నేను ఏడు రోడ్ల దగ్గర సర్వీస్ చేస్తా, ఈ టెస్టు పాసై బోర్డుకు పెట్టగానే చతికిలబడే ఎస్ఎంపీఎస్‌లు వస్తూనే ఉంటాయి. దీన్ని చూసి బోర్డు మార్పించి, తర్వాత పాత బోర్డును బాగున్నదిగా ఇంకొకరికి అమ్మేవాళ్లూ ఉన్నారు. మీ అబ్బాయి అట్లా అని కాదు.

లోపల వరస తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మీరు గోడ స్విచ్ వేసిన క్షణం నుంచి, బటన్ నొక్కకముందే, ఎస్ఎంపీఎస్ ఊదారంగు వైరులో 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. స్టాండ్‌బై అంటాం. బోర్డులో నిద్రపోకుండా కాపలా ఉండే చిప్పులకు తిండి అదే. మీరు బటన్ నొక్కితే ఆ చిప్పు ఆకుపచ్చ వైరును గ్రౌండ్‌కు లాగుతుంది, అప్పుడు గాని 12, 5, 3.3 వోల్టుల లైన్లు లేవవు. అవి కుదురుకున్నాక ఎస్ఎంపీఎస్ బూడిదరంగు వైరులో "సరే, కానీ" అని ఒక సిగ్నల్ ఇస్తుంది, 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపల. అది అందితేనే ప్రాసెసర్ కదులుతుంది. మీ దాంట్లో ఫ్యాన్ కూడా కదలడం లేదు కాబట్టి ప్రాసెసర్, ర్యామ్, డిస్కుల దాకా పోవద్దు ఇప్పుడే. మొట్టమొదటి మెట్టు దగ్గరే ఆగింది. చూడాల్సింది ఊదా వైరు.

మల్టీమీటర్ ఉందా? లేకపోతే ఎలక్ట్రికల్ షాపులో మామూలు డిజిటల్‌ది తెచ్చుకోండి, చాలు. అది వచ్చేలోపు చేతితో అయ్యేవి చూసెయ్యండి. యూపీఎస్ పక్కన పెట్టి గోడ సాకెట్‌కే నేరుగా ఇవ్వండి, ఆ సాకెట్లో ముందు టేబుల్ ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూశాకే. పవర్ కేబుల్ రెండో సిస్టమ్‌ది వేసి చూడండి. ఎస్ఎంపీఎస్ వెనక చిన్న స్విచ్ గీత గుర్తు వైపు ఉండాలి, సున్నా వైపు కాదు. నవ్వకండి, తుడిచేటప్పుడు చెయ్యి తగిలి ఆఫ్ అయినవి నా దగ్గరకు మోసుకొస్తారు. తర్వాత క్యాబినెట్ బటన్ నుంచి బోర్డుకు వచ్చే సన్నటి రెండు వైర్ల కనెక్టర్ పీకి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపి వదలండి. బటన్ పాడైతే అక్కడే తెలిసిపోతుంది.

ఒక్క మాట, ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. లోపల పెద్ద కెపాసిటర్ల మీద 320 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు అక్కడే ఉంటుంది.

అనంత_వైర్‌మ్యాన్ · 12:15

ఏమప్పా, అందరూ డబ్బా లోపలే చూస్తున్నారు, ఆ పిల్లోడు చెప్పిన మొదటి మాట పట్టించుకోరా. లైట్లు భగ్గుమన్నాయి అన్నాడు. అది మామూలు కరెంటు పోవడం రావడం కాదు, న్యూట్రల్ లూజు. కరెంటు పనిలోనే జుట్టు నెరిసినోణ్ణి, చెప్తున్నా వినండి.

మన ఇండ్లకు వచ్చేది ఒక ఫేజు, ఒక న్యూట్రల్, మధ్యలో 230. వీధిలోకి వచ్చేవి మూడు ఫేజులు, రెండు ఫేజుల మధ్య కొలిస్తే 400 పైనే. స్తంభం దగ్గర న్యూట్రల్ జాయింటు తుప్పు పట్టి వదులైతే నీ ఇల్లూ పక్క ఫేజు మీదున్న వాళ్లిల్లూ ఒకే దారంలో పడతాయి, ఆ 400ను ఇద్దరూ పంచుకుంటారు. ఎవరింట్లో ఎక్కువ లోడు నడుస్తుందో వాళ్లకు వోల్టేజి తగ్గుతుంది, ఎవరింట్లో ఒక్క బల్బు వెలుగుతుందో వాళ్లకు 300 దాటుతుంది. ఒక ఇంట్లో లైట్లు మసక, పక్కింట్లో భగ్గు, ఇదే దాని గుర్తు. టీవీలు, ఫ్రిజ్ బోర్డులు, ఫోన్ చార్జర్లు వరసగా పోతాయి. మీ పక్క షాపుల్లో ఏమన్నా కాలాయా అడుగు. అది సరి కాకుండా కొత్త బోర్డు పెడితే అది కూడా పోతుంది. 1912కు ఫోన్ చేసి "న్యూట్రల్ ఫాల్టు" అని ఆ మాటే చెప్పు, ఊరికే కరెంటు బాలేదంటే రేపు చూస్తాం అంటారు.

కర్నూలు_డీటీపీ · మధ్యాహ్నం 1:30

సార్, మీరన్నట్టే. పక్కన టైలర్ షాపులో ఎల్ఈడీ బల్బులు రెండు, ఎదురుగా సెల్ పాయింట్‌లో చార్జర్ కాలాయట. 1912కు చెప్పాను, లైన్‌మ్యాన్ వచ్చి స్తంభం ఎక్కి ఏదో బిగించి పోయాడు. ఇప్పుడు సాకెట్లో 228 చూపిస్తోంది. మీటర్ తెచ్చానన్నమాట.

కడప అన్నా, మీరు చెప్పినవి చేశా. యూపీఎస్ లేకుండా నేరుగా ఇచ్చినా లేవలేదు, కేబుల్ మార్చినా అంతే, స్క్రూడ్రైవర్ తాకించినా అంతే. ఊదా వైరు ఎట్లా కొలవాలి, కనెక్టర్ బోర్డుకు ఉండగానా, తీసా?

టంకం_కడప · 1:38

రెండు రకాలుగానూ. రెండిటికీ తేడానే మనకు కావలసింది. మీటర్ డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్ క్యాబినెట్ పెయింట్ లేని స్క్రూకు ఆనించండి. కనెక్టర్ బోర్డుకు ఉండగా ఎర్ర ప్రోబ్‌ను వెనక వైపు నుంచి ఊదా వైరు పక్కగా లోపలికి దూర్చండి, లోపలి రేకుకు తగులుతుంది. 4.75 నుంచి 5.25 మధ్య ఉంటే మంచిది. తర్వాత ప్లగ్ పీకి, 24 పిన్నులు తీసి, మళ్లీ ప్లగ్ పెట్టి కొలవండి. దాన్ని పెట్టేటప్పుడు, తీసేటప్పుడు ప్రతిసారీ ప్లగ్ పీకాల్సిందే, బద్ధకించొద్దు.

కర్నూలు_డీటీపీ · 2:20

కనెక్టర్ తీసి కొలిస్తే 5.08, కదలకుండా. బోర్డుకు పెట్టి కొలిస్తే అంకె నిలవడం లేదు, 0.9, 2.3, 1.4, అట్లా ఊగుతోంది. ఇంకో సంగతి, షాపులో ఫ్యాన్ ఆపి చెవి దగ్గర పెడితే ఎస్ఎంపీఎస్ లోపల నుంచి సన్నగా టిక్, టిక్, టిక్ అని సెకనుకోసారి వినిపిస్తోంది.

బురుజు_కుర్రోడు · 2:24

చెప్పా కదా, బోర్డు షార్ట్. ఒక్కటే ఉంటే 5.08, బోర్డు తగలగానే పడిపోతోంది. కేసు క్లోజ్.

ప్రొద్దుటూరు_అక్షర · 2:31

అట్లా ఎందుకనుకోవాలి? ఎస్ఎంపీఎస్ స్టాండ్‌బై కెపాసిటర్ ఎండిపోయినా ఇదే జరుగుతుంది, ఖాళీగా ఉంటే 5 చూపిస్తుంది, లోడ్ పడగానే కూలుతుంది. మా షాపులో దానికి అదే అయింది, ఎస్ఎంపీఎస్ మార్చాక, పోయిందనుకున్న బోర్డే ఇప్పటికీ నడుస్తోంది. పైగా న్యూట్రల్ పోయి వోల్టేజి ఎక్కువ తిన్నది ఎస్ఎంపీఎస్ కదా ముందు.

టంకం_కడప · 2:55

మీ ఇద్దరి మాటా జరిగే పనే, ఈ రీడింగు ఒక్కదానితో ఏదీ తేలదు. ఆ టిక్ టిక్ అంటే ఎస్ఎంపీఎస్ స్టాండ్‌బై లేవడం, ఎవరో ఎక్కువ కరెంటు లాగడం, తనను కాపాడుకోవడానికి అది ఆగిపోవడం, మళ్లీ ప్రయత్నించడం. ఎస్ఎంపీఎస్ బలహీనమై మోయలేకపోతోందా, లాగేవాడు మితిమీరి లాగుతున్నాడా, ఇదీ ప్రశ్న. లాగేవాడు అంటే బోర్డు ఒక్కటే కాదు, బోర్డుకు తగిలించినవన్నీ.

ఆపి ఉన్నప్పుడు స్టాండ్‌బై కరెంటు తినేవి ఏంటో గుర్తు తెచ్చుకోండి. హార్డ్ డిస్కు, ఎస్ఎస్‌డీ, డీవీడీ డ్రైవు తినవు, వాటికి వేరే లైను, కాబట్టి వాటి మీద అనుమానం తక్కువ. నెట్ కేబుల్ చిప్పు తింటుంది. కీబోర్డు, మౌసు తింటాయి. యూఎస్‌బీ రంధ్రాలు చాలా బోర్డుల్లో తింటాయి. కర్నూలు అన్నా, రెండు ప్రశ్నలు. ఒకటి, సిస్టమ్ షట్‌డౌన్ చేసినా ముందు యూఎస్‌బీలో ఫోన్ పెడితే చార్జ్ అయ్యేదా? రెండు, అది ఆగిపోయిన ఆ నిమిషంలో కరెంటు సంగతి పక్కన పెట్టండి, ఎవరైనా ఏమైనా చేస్తున్నారా దాన్ని?

కర్నూలు_డీటీపీ · 3:10

అవునన్నా, రాత్రి షాపు మూసేటప్పుడు కూడా ముందు పోర్టులో ఫోన్ పెట్టి షట్టరు దించేవాణ్ణి, చార్జ్ అయ్యేది.

ఆ నిమిషంలో అంటే... ఒక ఇంటర్ పిల్లాడు హాల్‌టికెట్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. అప్పుడే లైట్లు పోయాయి, యూపీఎస్ కీకీమని అరుస్తోంది, నేను జిరాక్స్ మెషిన్ దగ్గరున్నా. "అన్నా దూరడం లేదు" అన్నాడు. "తిప్పి పెట్టు" అన్నా. అంతలోనే టప్. కరెంటు వల్లే అనుకున్నాం అందరం.

టంకం_కడప · 3:14

ప్లగ్ పీకండి. అన్ని యూఎస్‌బీలూ, కీబోర్డు, మౌసు, నెట్ కేబుల్ వెనక నుంచి తీసేయండి. క్యాబినెట్ ముందు భాగం నుంచి బోర్డు కింది అంచుకు వచ్చే యూఎస్‌బీ కనెక్టర్ ఉంటుంది, పది రంధ్రాల సైజు, ఒకటి మూసి ఉంటుంది, ఎరుపు తెలుపు ఆకుపచ్చ నలుపు వైర్లు. అది పీకండి. ఇంకేమీ ముట్టొద్దు. 24 పిన్నులు పెట్టి, ప్లగ్ పెట్టి, ఊదా కొలవండి.

అనంత_వైర్‌మ్యాన్ · 3:20

అబ్బ, పోలీసోడి విచారణ మాదిరి ఉందప్పా ఇది.

కర్నూలు_డీటీపీ · 3:37

5.06!!! కదలడం లేదు. టిక్ టిక్ ఆగిపోయింది. బోర్డు మూలన చిన్న ఆకుపచ్చ లైటు వెలిగింది, అక్కడ లైటు ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు. స్క్రూడ్రైవర్ తాకిస్తే ప్రాసెసర్ ఫ్యాన్ తిరిగింది అన్నా!

బురుజు_కుర్రోడు · 3:40

ఓహో.

టంకం_కడప · 3:46

ఇప్పుడు ముందు పోర్టులోకి టార్చ్ కొట్టి చూడండి. మీటర్‌ను బీప్ కొట్టే కంటిన్యుటీ మీద పెట్టి, పీకిన కేబుల్ ఎర్ర వైరుకు, నల్ల వైరుకు ఆనించండి. అరిస్తే షార్ట్ ఖాయం.

కర్నూలు_డీటీపీ · 4:05

అరిచింది. లోపల చూస్తే రెండు పోర్టుల్లో పైదాంట్లో తెల్లటి ప్లాస్టిక్ నాలుక మధ్యకు విరిగి ఒక పక్కకు వాలి ఉంది. దాని మీద ఉండే నాలుగు రాగి రేకుల్లో చివరిది లేచి వంగి, చుట్టూ ఉన్న స్టీలు గోడకు ఆనుకుని ఉంది. ఆనిన చోట చిన్న నల్ల మచ్చ. పిల్లాడు తిరగేసి బలంగా తోసినట్టున్నాడు. పట్టకారుతో ఆ రేకు గోడ నుంచి ఎడం చేస్తే బీప్ ఆగింది.

ఒక్క డౌటు అన్నా. అంత చిన్న రేకు తగిలితే మొత్తం సిస్టమే లేవకుండా పోతుందా? ఫ్యూజు గీజు ఏమీ ఉండదా?

టంకం_కడప · 4:30

ఉంటుంది. యూఎస్‌బీ పక్కన పాలీఫ్యూజ్ అని చిన్న పలక, ఎక్కువ కరెంటు పోతే వేడెక్కి దానంతట అదే అడ్డం పడుతుంది, చల్లారాక మళ్లీ దారిస్తుంది. కానీ అది వేడెక్కడానికి కాస్త టైమ్ కావాలి, కొంచెం దండిగా కరెంటూ కావాలి. మీ ఎస్ఎంపీఎస్ లేబుల్ మీద 5వీఎస్‌బీ (అంటే ఆ స్టాండ్‌బై లైనే) అన్న గడి చూడండి, ఇలాంటి వాటిలో 2 ఆంపియర్లకు అటూ ఇటుగా ఉంటుంది. అంటే ఫ్యూజు అడ్డం పడేలోపే ఎస్ఎంపీఎస్ చేతులెత్తేస్తోంది. మళ్లీ లేస్తోంది, మళ్లీ ఎత్తేస్తోంది. స్టాండ్‌బై నిలబడకపోతే బటన్ వైపు చూసే చిప్పు కూడా మేల్కోదు, మీరు ఎంత నొక్కినా వినేవాడు లేడు.

పనిలో పని, ఆ పోర్టును అట్లాగే మళ్లీ తగిలించొద్దు, ఎడం చేసిన రేకు రేపు మళ్లీ ఆనుకుంటుంది. క్యాబినెట్ ముందు ప్యానెల్ యూఎస్‌బీ బోర్డు విడిగా కూడా దొరుకుతుంది. అంతదాకా ఆ కేబుల్ పీకే ఉంచండి.

కర్నూలు_డీటీపీ · 4:52

సంతోషం నిలవనిచ్చేలా లేదు. ఫ్యాన్ తిరుగుతోంది గాని మానిటర్‌లో ఏమీ రావడం లేదు.

ప్రొద్దుటూరు_అక్షర · 4:55

ర్యామ్‌లు తీశారా పొద్దున? ఒక్కటే పెట్టి చూడండి అన్నా, బంగారు గీతలు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా క్లిప్పు టక్‌మనేదాకా నొక్కండి. మానిటర్ కేబుల్ బోర్డుకే ఉంది కదా?

కర్నూలు_డీటీపీ · 5:08

అబ్బాయి తీసి పెట్టాడు పొద్దున. ఒక పక్క క్లిప్పు పడలేదు. డిస్‌ప్లే వచ్చింది అక్కా, థాంక్యూ. ఇప్పుడు విండోస్ గుర్తు వచ్చి నీలం స్క్రీన్, మళ్లీ రీస్టార్ట్, మళ్లీ నీలం స్క్రీన్. దీన్ని మూసీ నదిలో పారేయనా, తుంగభద్రలో పారేయనా చెప్పండి. తుంగభద్రే దగ్గర.

టంకం_కడప · 5:15

పారేయకండి. పొద్దున బ్యాటరీ తీశాడన్నారు కదా, బయోస్ (విండోస్ కంటే ముందు బోర్డును లేపే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికి పోయాయి. ఈ తరం బోర్డులు కొన్నిటిలో సాటా మోడ్, అంటే బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి, మొదట ఐడీఈ అనే పాత రకం మీద ఉంటుంది. మీ విండోస్ ఏహెచ్‌సీఐ అనే కొత్త రకంలో వేసి ఉంటే డిస్కు దొరక్క నీలం స్క్రీన్ కొడుతుంది. ఆన్ కాగానే డిలీట్ నొక్కి బయోస్‌లోకి పోయి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐకి మార్చి, ఎఫ్10 కొట్టి సేవ్ చేయండి. విండోస్ మళ్లీ వేయాలి, ఫార్మాట్ కొట్టాలి అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు.

అక్కడే తేదీ కూడా సరిచేయండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే ప్రభుత్వ సైట్లు ఒక్కటీ తెరుచుకోవు, సర్టిఫికెట్ తప్పు అని బ్రౌజర్ అడ్డుకుంటుంది, మీరేమో నెట్ పోయిందనుకుంటారు.

కర్నూలు_డీటీపీ · 5:34

విండోస్ వచ్చేసింది!! మా కస్టమర్ల ఫైళ్లు అన్నీ ఉన్నాయి. బయోస్‌లో తేదీ చూస్తే 2012 జనవరి 1 అని ఉంది, మార్చా. బ్యాటరీ మీటర్‌తో కొలిస్తే 2.4 చూపిస్తోంది, మార్చాలా?

టంకం_కడప · 5:41

మార్చండి, సీఆర్2032 అని అడగండి, కొత్తది 3 వోల్టుల పైనే ఉంటుంది. గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. మార్చకపోతే కరెంటు పూర్తిగా తీసిన ప్రతిసారీ ఈ నీలం స్క్రీన్ కథ మళ్లీ మొదలు.

ఆదోని_టు_బెంగళూరు · 6:02

సరే, బతికించారు, ఒప్పుకుంటున్నా. కానీ ఆ ఎస్ఎంపీఎస్‌ను ఇంకా నమ్ముతారా? 300 వోల్టులు తిన్నది.

టంకం_కడప · 6:20

మంచి ప్రశ్న. సిస్టమ్ నడుస్తుండగా, ఏదైనా పెద్ద ఫైలు ప్రింటుకు పంపి, హార్డ్ డిస్కుకు పోయే కనెక్టర్ లాంటిదే ఖాళీది ఒకటి పట్టుకుని పసుపు వైరు కొలవండి. 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఎరుపు 4.75 నుంచి 5.25. పసుపు 11.4 దగ్గర తచ్చాడుతుంటే గనక మార్చేయండి. బాగున్నా సరే, క్యాబినెట్‌తో ఊరికే వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 అని రాసి ఉన్నంత మాత్రాన 450 ఇవ్వదు. చేతిలో పెట్టుకుని చూడండి, బరువులోనే తెలిసిపోతుంది.

కర్నూలు_డీటీపీ · 6:38

పసుపు 11.92, ఎరుపు 5.03.

టంకం_కడప · 6:40

బంగారం. నడవనివ్వండి. వెనక జాలీలో దుమ్ము మాత్రం బ్లోయర్‌తో కొట్టించండి, ఆ ఫ్యాన్ ఆగిందంటే మన కర్నూలు ఎండలకు అది నెల కూడా ఆగదు.

ప్రొద్దుటూరు_అక్షర · 7:05

ఇదే థ్రెడ్‌లో నాదొక ప్రశ్న, వైర్‌మ్యాన్ సార్ ఉన్నారు కాబట్టి. నా సిస్టమ్ క్యాబినెట్ స్క్రూ ముట్టుకుంటే చురుక్కుమంటుంది, చెప్పుల్లేకుంటే ఇంకా ఎక్కువ. టెస్టర్ పెడితే మసగ్గా వెలుగుతుంది. ఎస్ఎంపీఎస్ మార్చినా అంతే. లీకేజీ అని ఒకరు, స్టాటిక్ అని ఒకరు అన్నారు.

అనంత_వైర్‌మ్యాన్ · 7:30

నీకు ఎర్తింగ్ లేదు తల్లీ. ఎస్ఎంపీఎస్‌లో కరెంటు లోపలికి వచ్చే చోట రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఒకటి ఫేజు నుంచి బాడీకి, ఒకటి న్యూట్రల్ నుంచి బాడీకి. చెత్త శబ్దాన్ని భూమిలోకి పంపడానికి కంపెనీ వాళ్లే పెడతారు. ఎర్త్ సరిగా ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది, నీకు తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే బాడీ ఆ రెండిటి మధ్యలో వేలాడుతుంది, సగం వోల్టేజి, 110, 115 అట్లా. చాలా తక్కువ కరెంటు కాబట్టి చురుక్కుమని వదిలేస్తుంది. కానీ అదే క్యాబినెట్‌లో నిజంగా ఫేజు వైరు బాడీకి తగిలిన రోజున మాత్రం వదలదు. అందుకని చురుక్కే కదా అని తీసిపారేయొద్దు.

మూడు పిన్నుల సాకెట్ చూసి ఎర్త్ ఉందనుకుంటారు. పై పెద్ద రంధ్రంలో చాలా షాపుల్లో వైరే ఉండదు, ఉన్నా ఎక్కడో గోడలో మొండిగా ఆగిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకు న్యూట్రల్‌కు ఎంతో, ఫేజుకు ఎర్త్‌కు ఎంతో కొలిపించు. రెండూ దగ్గర దగ్గర ఉండాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులు దాటితే బాలేదని లెక్క. ఇంగ మన సీమలో ఇంకో తంటా. నేల పొడి, కింద రాయి. బొగ్గు, ఉప్పు వేసి గుంత తీసినా ఎండాకాలంలో తేమ పోయి ఎర్త్ పనిచేయదు. మా అనంతపురంలో అయితే మరీ. వేసవిలో ఆ గుంతలో అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోయాలి, నీళ్లు పోయడానికే పైపు పెట్టేది. ఆ పైపు మీద కడప బండ పరిచి సిమెంట్ పూసేస్తారు చూడు, వాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

ప్రొద్దుటూరు_అక్షర · 7:36

సార్, మా షాపులో సరిగ్గా అదే చేశారు. బండ పగలగొట్టిస్తా రేపు.

కర్నూలు_డీటీపీ · రాత్రి 9:15

ఇప్పుడే తీరింది. ఆగిన ప్రింట్లన్నీ ఇచ్చేశా. పొద్దున వచ్చిన సర్వీస్ అబ్బాయి బోర్డు కావాలా అని అడగడానికి వచ్చాడు, సిస్టమ్ నడుస్తుంటే నోరు తెరిచాడు. ఆ విరిగిన పోర్టు చూపించి ఊదా వైరు సంగతి చెప్పా. చిన్నబుచ్చుకోలేదు, మీటర్ తీసుకుని కనెక్టర్ వెనక నుంచి ఎట్లా దూర్చాలో నాతోనే చేయించుకుని చూశాడు. వచ్చే వారం ముందు ప్యానెల్ యూఎస్‌బీ బోర్డు తెచ్చి పెడతానన్నాడు.

కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లకు ఏం చేస్తే మంచిది? రోజూ పదిమంది పొడుస్తారు.

టంకం_కడప · 9:22

వెనక పోర్టుకు ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి, దాని కొన కౌంటర్ మీదకు లాగి టేపుతో అతికించండి. విరిగితే కేబుల్ విరుగుతుంది. పైకి ఏ వైపు ఉండాలో తెల్ల రంగుతో చుక్క పెట్టండి. ముందు ప్యానెల్ బోర్డు తెచ్చినా దాన్ని మీ సొంతానికి ఉంచుకోండి.

నంద్యాల_గేమర్ · 9:50

అన్నా, నాది ఒక సెకను ఆన్ అయి ఆగిపోతుంది, మళ్లీ దానంతట అదే ఆన్, మళ్లీ ఆఫ్. నిన్న కొత్త బోర్డు బిగించాక మొదలైంది. ఊదా వైరు కొలవాలా?

టంకం_కడప · 9:58

నీది స్టాండ్‌బై కాదు తమ్ముడూ, అది ఉంది కాబట్టే లేస్తోంది. ప్రాసెసర్ పక్కన 12 వోల్టుల నాలుగు పిన్నుల కనెక్టరో, ఎనిమిది పిన్నులదో పెట్టావా లేదా చూడు. పెట్టి ఉంటే బోర్డు కింద క్యాబినెట్‌కు ఇత్తడి స్టాండ్లు అవసరం లేని చోట ఉన్నాయేమో చూడు, ఒకటి అడుగున తగిలినా ఇట్లాగే చేస్తుంది. బోర్డు బయటికి తీసి, అట్ట మీద పెట్టి, ఒక్క ర్యామ్‌తో ఆన్ చేసి, ఏమైందో కొత్త థ్రెడ్ తెరిచి రాయి. ఇందులో రాస్తే రెండూ కలిసిపోతాయి.